రష్యా సింహము హాకెన్‌ష్మిట్

భారతకథ విన్నవారికెల్లరకును సుయోధనుని తుదిగతి తెలిసినదే. గదావిద్యలో భీమునికంటె నేర్పరి యని పేరొందిన వానిని కడకు నేలగూల్చినది తొడలపై బడిన దెబ్బ. ఎంతటి బలశాలికైనను దేహమున ఒకచోట కొరత యుండక మానదు కాబోలు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ప్రపంచమల్లులలో మేటియై, రష్యా సింహమని ఐరోపా అమెరికా ప్రజలచే పిలువబడిన జార్జి హాకెన్‌ష్మిట్‌కు ఆ కొరత మోకాలు. బరువులెత్తుటలో అతడు పేరు తెచ్చుకొనెను. కుస్తీలో జగజ్జెట్టి యయ్యెను. ఒక్క కీలు సహకరింపకపోవుటచే ఆ కీర్తిని తిరిగి రాబట్టుకొనలేకపోయెను. అయినను వ్యాయామమును విడువక, తొంబదియేండ్లు ఆ కాళ్లమీదనే తిరిగెను. సంక్రాంతి దినములలో గుండ్లును సంగిడీలును ఎత్తు యువకులును, బస్తాలు మోసి మోకాళ్లు పట్టుకొనిపోవు శ్రామికులును గల మన పల్లెలలో ఈతని జీవితము తెలిసికొనదగినది.

హాకెన్‌ష్మిట్ 1877వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన దోర్పాటు నగరమున జన్మించెను. ఆ నగరమునకు నేడు తార్తు అని పేరు. అది ఎస్టోనియా దేశమున నున్నది. ఆ కాలమున ఎస్టోనియా రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను గనుక లోకులతనిని రష్యావాడనిరి గాని, అతని వంశమున జర్మను రక్తమును స్వీడను రక్తమును గలవు. తండ్రికి అద్దకపు కర్మాగార ముండెను. బడి చదువు ముగిసిన పిమ్మట కుమారుడు 1895లో రేవల్ పట్టణమున, అనగా నేటి తాలిన్‌లో, ఒక యంత్రశాలయందు పని నేర్చుకొనుటకు చేరెను. పగలు యంత్రశాల, సాయంకాలము వ్యాయామసంఘము. ఇదియే అతని దినచర్య. మరుసటి యేట జార్జి లూరిచ్ అను మల్లుడు ఆ పట్టణమునకు వచ్చి స్థానికులను కుస్తీకి పిలిచెను. లూరిచ్ హాకెన్‌ష్మిట్‌కంటె ఒక్క యేడు మాత్రమే పెద్దవాడు, ఆ దేశమువాడే. వానిచేతిలో హాకెన్‌ష్మిట్ ఓడిపోయెను. ఆ యోటమి అతని మనస్సున నాటుకొని, సాధన నిబ్బడింప జేసెను.

అతని జీవితమును మార్చినది విజయము కాదు, ఒక చిన్న దెబ్బ. 1897లో పనిలో తగిలిన గాయమునకు వైద్యుని యొద్దకు పోగా, అచ్చట క్రాయెవ్‌స్కీ అను మరియొక డాక్టరు అతిథిగా నుండెను. ఈయన రాజధానియైన సెంటు పీటర్సుబర్గులో గొప్ప వైద్యుడు. 1885లో ఆ నగరమున వ్యాయామప్రియుల సంఘమును స్థాపించినవాడు. రష్యాలో బరువులెత్తు విద్యకు తండ్రి యని నేటికిని ఆ దేశీయులు ఈయననే చెప్పుకొందురు. విచిత్రమేమనగా, ఈయన తాను వ్యాయామము మొదలిడినది నలుబదియేండ్లు వచ్చిన పిమ్మటనే. గాయమునకు కట్టు కట్టించుకొన వచ్చిన యువకుని దేహమును చూచినంతనే ఆయనకు వాని భవిష్యత్తు గోచరించెను. యంత్రశాల విడిచి రాజధానికి రమ్మనియు, తన యింటనే యుంచుకొని తీర్చిదిద్దెదననియు చెప్పెను. తలిదండ్రులకు ఇది సమ్మతము కాకపోయినను, 1898 ఆరంభమున యువకుడు ప్రయాణమై పోయెను.

డాక్టరు ఇల్లు ఒక తాలింఖానా. బరువులు, ఇనుపగుండ్లు, కడ్డీలు గదులనిండ నుండెను. ఊరిలోని బలవంతులును, ఊరికి వచ్చిన బలవంతులును అచ్చట చేరెడివారు. పైరు చూడనిదే అడంగలు వ్రాయరాదన్నట్లు, దేహపరీక్ష చేయనిదే డాక్టరు ఎవరి చేతికిని బరువు నీయడు. మద్యము కూడదు, పొగాకు కూడదు. హాకెన్‌ష్మిట్ దినమునకు పదునొకండు పైంట్లు, అనగా ఆరు లీటర్లకు పైగా పాలు త్రాగెడివాడు! (ఇంతపాలు అందరకును అరుగునని యెవరును భ్రమపడరాదు, అతడే తరువాతి కాలమున మితాహారమును మెచ్చుకొనెను.) ఆ దినములలో అతడెత్తిన బరువులలో కొన్ని లెక్కకు వచ్చినవి. ఒంటిచేత ఒక్క ఊపున నేలనుండి తలపైకి లేపిన బరువు 197 పౌనులు, అనగా 89 కిలోల పైచిలుకు. వెలికిల పరుండి, తలవెనుకనుండి రొమ్ముమీదికి లాగుకొని, రెండుచేతుల పైకెత్తినది 361 పౌనులు. ఇది 164 కిలోలకు సమీపము, రెండు వడ్లబస్తాల తూకమునకు మించినది. ఆ యేటనే వియన్నా నగరమున జరిగిన ప్రపంచపోటీలలో కుస్తీయందు ప్రథముడును, బరువులెత్తుటయందు తృతీయుడును అయ్యెను. అప్పటికతనికి ఇరువదియొకటవ యేడు.

ఇచ్చట నొక సంగతి గమనింపవలెను. మాంసము పెరిగినంత త్వరగా నరము పెరుగదు. నరమన వాడుకలో మనమెఱిగిన నాడి కాదు. కండను ఎముకకు గట్టి పట్టియుంచు త్రాటివంటి స్నాయువు. కండలకు రక్తము సమృద్ధిగా ప్రవహించును గనుక కొన్ని వారములలోనే బలము పుంజుకొనును. స్నాయువునకు రక్తప్రసారము తక్కువ. అది బలపడుటకు నెలలు పట్టును. ఇక కీలునందు ఎముకల కొనలను గప్పియుండు మెత్తని మృదులాస్థికైతే రక్తనాళములే లేవు. కీలు వంగి సాగినపుడు, దానిపై బరువు పడి లేచినపుడు, తడిగుడ్డ పిండి నీటముంచినట్లుగా కీలులోని ద్రవము దానిలోనికి వచ్చుచు పోవుచు నుండును. అదియే దాని ఆహారము. కావున కదలని కీలు చెడును, మితిమీరి నలిగిన కీలును చెడును. యువకునికి భుజబలము ఎడ్లబండివలె గాక రైలువలె పెరుగుచుండగా, స్నాయువు వెనుకబడుటలో వింతలేదు.

ఈ వెనుకబాటు ఫలము మరుసటి సంవత్సరమే తెలిసివచ్చెను. 1899 చివర పారిసు నగరమున గొప్ప కుస్తీపోటీలు జరుగుచుండగా, హాకెన్‌ష్మిట్ కుడిభుజమునకు గట్టి దెబ్బ తగిలి, పోటీలు వదలుకొనవలసి వచ్చెను. దీర్ఘకాలము విశ్రాంతి అవసరమని వైద్యులనిరి. అతడు కొన్ని మాసములు ఆగి, తేలికబరువులతో మరల సాధన సాగించి, 1900లో మరల బరిలో దిగి, కుస్తీనే జీవనోపాధిగా గైకొనెను. భుజము బాగైనది గాని, కీలు ఒకమారు మాట చెప్పిన పిమ్మట వినవలెనను పాఠమును ఆ వయస్సున ఎవడు నేర్చును?

తరువాతి ఐదారేండ్ల విజయములను వివరించుటకు గ్రంథము చాలదు; సంగ్రహముగా చెప్పిన చాలును. 1902లో లండను చేరెను. అచ్చట కొక్రాన్ అను నాటకశాలల నిర్వాహకుడు అతని వ్యవహారములు చూచెను. 1904 జనవరి 30వ తేదీన ఒలింపియా భవనమున అహ్మద్ మద్రాలీ అను తురుష్కమల్లునితో పోరు. ఆ దినమున లండను వీథులు బండ్లతో క్రిక్కిరిసిపోయెనట. తీరా పోరు 44 సెకనులలో ముగిసెను. హాకెన్‌ష్మిట్ మద్రాలీని ఎత్తి పడవేయగా వాని చేయి కీలు తప్పెను. టిక్కెట్టు కొన్నవారిలో కొందరు కూర్చుండకమునుపే అంతయు నయిపోయినది. ఆస్ట్రేలియా పర్యటనలో పంజాబు మల్లుడు బుట్టన్ సింగును గెలిచెను. 1905 మే మాసమున న్యూయార్కులో అమెరికా వీరుడు టామ్ జెన్కిన్సును ఓడించి జగజ్జెట్టి యనిపించుకొనెను. మాట మృదువు, నడవడి సౌమ్యము, పలుభాషల పాండిత్యము. ఇట్టి మల్లుని లోకము అంతకుముందు చూడలేదు.

అయితే ఈ వెలుగు వెనుక మోకాలు మూలుగుచుండెను. ఏండ్లతరబడి చాపమీద మోకాళ్లూని పోరువారికి మోకాలిచిప్పకు ముందుండు తిత్తి వాచి నీరుపట్టుట కలదు. హాకెన్‌ష్మిట్‌కు ఈ బాధ కొంతకాలమునుండి యుండెను. మోకాలు నొచ్చినపుడు తొడముందరి కండ తనంత తానే పని మానుకొనును. కండ సన్నగిలినకొలది కీలు వదులగును. వదులైనకొలది మరింత నొచ్చును. వడ్డీకి వడ్డీ పెరిగినట్లు ఈ నష్టము పెరుగును. పనిలేని కాలమున దీనిని తీర్చుకొనవలెను గాని, నెలనెలకు పోటీలు ఒప్పుకొనినవానికి పనిలేని కాలమేది? 1908 ఏప్రిలు 3వ తేదీన చికాగో నగరమున ఫ్రాంకు గాచ్ అను అమెరికను రైతుబిడ్డతో అతడు రెండుగంటలకు పైగా నిలబడి పోరి, కడకు తానే విరమించుకొనెను. జగజ్జెట్టి బిరుదు పోయెను. ప్రతిపక్షి ఒంటికి నూనె పూసికొనెననియు, అన్యాయముగా పోరెననియు అతడు చెప్పెను, అవతలివారు కాదనిరి. ఆ వివాదము నేటికిని తెగలేదు, తెగదు.

1910లో మన దేశపు గామా లండను వచ్చినపుడు అతడు ప్రపంచమల్లులనెల్ల పోరునకు పిలిచెను. హాకెన్‌ష్మిట్ బరిలో దిగలేదు. అతనికి బదులు పోలండు దేశీయుడైన జిబిస్కో దిగి, గామాతో సెప్టెంబరు 10వ తేదీన రెండుగంటలకు మించి పెనుగులాడెను. వేలకొలది బస్కీలు తీసి పెరిగిన గామా తొడలను, నొచ్చిన మోకాలితో నున్న హాకెన్‌ష్మిట్ ఎదుర్కొనియుండిన ఏమై యుండునో ఊహించుట మల్లవిద్యాప్రియులకు వినోదమే గాని, జరుగని పోరునకు తీర్పు చెప్పరాదు.

గాచ్‌తో రెండవ పోరు 1911 సెప్టెంబరు 4వ తేదీకి నిర్ణయమయ్యెను. ఈమారు హాకెన్‌ష్మిట్ కాలము చాలినంత తీసికొని, చక్కని సాధన చేసెను. పోరునకు కొలదిదినములు ముందు, సాధనలో రోలర్ అను సహచరుడు అదుముచుండగా వాని పాదము కుడిమోకాలికి తగిలెను. పాతనొప్పి పగబట్టినట్లు లేచెను. కొందరు ఇది డబ్బిచ్చి చేయించిన ద్రోహమని తరువాత కథలల్లిరి. హాకెన్‌ష్మిట్ మాత్రము అది పొరపాటుననే జరిగినదని చెప్పెను. తన శత్రువుకంటె తన మిత్రునిపై నింద వేయుట సులభమైన సమయమున అతడు వేయకపోవుట అతని గుణమును చెప్పుచున్నది.

పోరు మానవలసినది. కాని చికాగోలో టిక్కెట్లు అమ్ముడుపోయెను, ముప్పదివేల మందికి సమీపముగా జనము కామిస్కీ క్రీడారంగమునకు తరలివచ్చిరి. మోకాలిసంగతి పొక్కుటచే పందెములు చెల్లవని పోరునకు ముందే ప్రకటించిరి. అట్టి స్థితిలో హాకెన్‌ష్మిట్ బరిలో దిగెను. గాచ్‌కు ప్రియమైన పట్టు పాదమును పట్టి మెలిత్రిప్పుట. ఆ మెలిక యొక్క భారము చీలమండనుండి మోకాలికి ఎగబ్రాకును. మొదటిపట్టు పదునాలుగు నిమిషములలోను, రెండవది ఆరునిమిషములలోపలను ముగిసెను. ముప్పదినాలుగేండ్ల వయస్సున హాకెన్‌ష్మిట్ బరినుండి వెడలి, మరల గొప్పపోరునకు దిగలేదు. ఆ దినమున అతడు చేసిన లెక్క తప్పు. ఒక దినపు రాబడికై మోకాలిని తాకట్టు పెట్టెను.

లోకులు సాధారణముగా ఇచ్చట కథ ముగింతురు. కాని అతని జీవితములో ఇంకను ఏబదియారేండ్లు మిగిలియుండెను; తెలిసికొనదగిన సంగతి అందే యున్నది.

1908లోనే అతడు జీవనమార్గమను అర్థము వచ్చు పేరుతో ఆంగ్లమున వ్యాయామగ్రంథమొకటి ప్రకటించెను. దాని సారము చిన్నది. సులువుగా ఎత్తగల బరువుతో మొదలిడవలెను. కొలదిమార్లు ఎత్తి, కొన్ని దినములకొకమారు ఒక్కొక్కటి చొప్పున పెంచవలెను. నియమితసంఖ్య పూర్తియైన పిమ్మట బరువును కొంచెము పెంచి, సంఖ్యను మరల తగ్గింపవలెను. అలసట తీరకమునుపు మరల పట్టరాదు. ఊపిరి బిగబట్టరాదు. మోకాళ్లకు అతడభ్యసించిన సాధన ఒకటి ప్రసిద్ధము. ఇనుపకడ్డీని వీపువెనుక, పిరుదులక్రింద రెండుచేతుల పట్టుకొని, మడమలు దగ్గరగా నుంచి, మునివ్రేళ్లపై బస్కీ తీయుట. డాక్టరు ఇంట నున్న దినములలో 50 కిలోల బరువుతో దీనిని ఏబదిమార్లు తీసెననుట గ్రంథస్థము. బరువు వెనుక నుండుటచే తొడముందరి కండ మిక్కిలి పనిచేయును. నేటికిని తాలింఖానాలలో ఈ బస్కీకి హాక్ అను శబ్దమే వ్యవహారము. దానికై ప్రత్యేకయంత్రములును గలవు. అయితే నొచ్చుచున్న మోకాలితో, మునివ్రేళ్లపై, నేలదాక కూర్చుండి దీనిని తీయుట తగదు. జబ్బుకాలమున సగమువంపే చాలును.

వైద్యలోకము ఈ మార్గమునకు వచ్చుటకు ఇంకను కాలము పట్టెను. మోకాలు దెబ్బతిన్న కట్టుకట్టి పడుకొనబెట్టుటయే అంతవరకు చికిత్స. రెండవ ప్రపంచయుద్ధకాలమున, హాకెన్‌ష్మిట్ ఓడిన ఆ చికాగోలోనే, సైనిక వైద్యశాలయందు డిలార్మ్ అను యువవైద్యుడు గాయపడిన సైనికుల పాదములకు ఇనుపజోళ్లు తొడిగి, వానికి బరువులు గట్టి, మోకాలు చాపి ఎత్తించెను. ఈయన బాల్యమున కీళ్లవాతజ్వరముతో మంచమునబడి, ఇనుము నెత్తి కోలుకొన్నవాడు. పదిమార్లు మాత్రమే ఎత్తగల బరువెంతయో ముందు కనుగొని, దానిని కొలమానముగా నుంచి, వారమువారమునకు పెంచుట ఈయన పద్ధతి. 1945లో ఈయన దీనిని ప్రకటించిన పిమ్మట ప్రపంచమంతట వ్యాపించెను.

బరువులెత్తువారి మోకాళ్లకు అపాయములేదని దీనివలన తలపరాదు. 1995లో ఫిన్లాండు వైద్యులు పూర్వము పోటీలలో పాల్గొన్నవారిని, నలుబదియైదునుండి అరువదియెనిమిదేండ్లవారిని, పరీక్షించిరి. తుపాకిగురి వేయువారిలో నూటికి ముగ్గురికి, పరుగువారిలో పదునలుగురికి, బరువులెత్తినవారిలో ముప్పదియొక్కరికి మోకాలికీలు అరిగియుండెను. పడుచుతనముననే ఒంటిబరువు ఎక్కువగా నున్నవారికి ఈ బాధ ఎక్కువ. ఇంతమాత్రమున ఇనుము విడువుమని నేటివైద్యులు చెప్పరు. విడిచిన కండ తరిగి కీలు మరింత చెడునని వారి మతము. పోటీబరువు తగ్గించి, మెల్లగా దింపుచు, మెల్లగా ఎత్తుచు, నొప్పి ఓర్వదగినంతలో నుండునట్లును, మరునాటికి హెచ్చకుండునట్లును చూచుకొని, వారములకొలది పెంచుకొనుమందురు. మరునాటి ఉదయమున కీలు చెప్పునదియే ముందటిదినపు పద్దునకు సరియైన తనిఖీ. ఇక కీలు ఉబ్బి వేడియెక్కినను, మడతపడి చిక్కుకొన్నను, కాలు మోపనీయకున్నను వైద్యుని చూపవలెనే గాని తాలింఖానాకు పోరాదు.

బరి విడిచిన హాకెన్‌ష్మిట్ తత్త్వచింతనలో పడెను. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీలో నిర్బంధింపబడెను. రేచల్ అను ఫ్రెంచి వనితను వివాహమాడి, కొంతకాలము ఫ్రాన్సులో నుండి, పిమ్మట లండను నగరపు దక్షిణభాగమున స్థిరపడెను. 1950లో ఆ దేశపు పౌరుడయ్యెను. శరీరమనస్సుల సంబంధమును గూర్చి దళసరి గ్రంథములు వ్రాసెను. వానిని చదివినవారు కొలదిమంది. పచ్చికూరలు, పండ్లు, గింజలు భుజించెను. గొప్పబరువులు ఎత్తుటను మానెను గాని, వ్యాయామమును మానలేదు. మోకాలు చెడి బరి విడిచినవాడు ఎనుబదియేండ్లు దాటిన పిమ్మటను కుర్చీవీపుమీదుగా దూకెడివాడు. దూకుట కాదు, దిగుటయే మోకాలికి పరీక్ష. దిగునపుడు దేహభారమును ఆపునది తొడముందరి కండ.

తనను చూడవచ్చిన యువమల్లులతో గౌరవముగా మాటలాడెడివాడు. గాచ్ 1917లోనే గతించెను. లూరిచ్ 1920లో పోయెను. వారికాలమును వారిపోరులను జ్ఞప్తియందుంచుకొన్నవారిలో హాకెన్‌ష్మిట్ మిగిలెను. 1968 ఫిబ్రవరి 19వ తేదీన లండనులో, తొంబదియొకటవ యేట, అతడు దేహము చాలించెను.